తాళంచెవి లేని తాళం

పిల్లలూ! కిందటి నెల ఈ పేజీలో తాళంకప్పను విప్పి లోపల ఏమున్నదో చూశాం. ఈ నెల మనం విప్పబోయే తాళానికి చెవి లేదు. దాన్ని ఏ భోషాణానికీ వెయ్యరు, ఏ తలుపుకూ వెయ్యరు. అయినా 58 పెట్టెలున్న ఒక బొగ్గు బండికి ఇటువంటి తాళాలు 116 ఉంటాయి. ఒక్కొక్క పెట్టెకు ముందొకటి, వెనకొకటి.

రైలు గేటు వేసి ఉన్నప్పుడు గూడ్సుబండి పెట్టెలు లెక్కపెట్టని పిల్లలు ఉండరు. ఈసారి లెక్క మాని, పెట్టెకూ పెట్టెకూ మధ్య చూడండి. రెండు ఇనప చేతులు వేళ్ళు వంచి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. దూరం నుంచే చూడాలి సుమా! ఆగి ఉన్న బండి అయినా సరే, పెట్టెల మధ్యకు పోకూడదు. ఎందుకు పోకూడదో ఈ కథ వింటే మీకే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. కుడిచేతి నాలుగు వేళ్ళూ కొక్కెంలాగా వంచండి. ఎడమచేతి వేళ్ళు కూడా అట్లాగే వంచి, రెంటినీ ఒకదానికొకటి తగిలించి లాగండి. ఎంత లాగినా ఊడిరావు. ఇప్పుడు ఒక్క చేతి వేళ్ళు మటుకు చాపండి. రెండో చెయ్యి ఎంత గట్టిగా బిగించి ఉన్నా, రెండూ విడిపోయాయి చూశారా? ఈ సంగతి గుర్తుంచుకోండి. తరవాత పనికివస్తుంది.

నూట యాభై ఏళ్ళ కిందట అమెరికా గూడ్సుబళ్ళకు ఇటువంటి చేతులు లేవు. ప్రతి పెట్టె చివరా ఒక ఇనప గూడు ఉండేది. కోలగా ఉన్న ఒక ఇనప కడియాన్ని ఈ పెట్టె గూట్లో సగం, ఆ పెట్టె గూట్లో సగం దూర్చి, పైనుంచి చెరొక చీల దిగవేసేవాళ్ళు. చెప్పడానికి సులువుగానే ఉన్నది. కాని కడియం తనంత తాను గూట్లోకి పోదు గదా! పెట్టె దొర్లుకుంటూ వస్తూండగా, బ్రేక్‌మాన్ అనే పనివాడు మధ్యలో నిలబడి, కడియం కొసను చేత్తో ఎత్తి పట్టుకుని, అవతలి గూట్లోకి దారి చూపాలి. అది దూరిన క్షణంలోనే చెయ్యి లాగేసుకోవాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే వేళ్ళు ఉండవు. కాలు జారితే మనిషే ఉండడు. పాత బ్రేక్‌మాన్ ఎవరో, కొత్తవాడెవరో చేతివేళ్ళు లెక్కపెట్టి చెప్పవచ్చునని ఆ రోజుల్లో అనుకునేవారు. అది వేళాకోళం కాదు. 1893 జూన్ 30తో ముగిసిన ఒక్క ఏడాదిలో, పెట్టెలు తగిలించడంలోనూ విడదీయడంలోనూ అక్కడ 433 మంది చనిపోయారు, 11,277 మంది గాయపడ్డారు.

ఈ బాధకు మందు కనిపెట్టిన ఈలై జానీ ఇంజనీరు కాడు. వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా ఊళ్ళో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. మీరిప్పుడు చేసినట్టే అతను కూడా తన రెండు చేతుల వేళ్ళూ వంచి తగిలించి చూసుకున్నాడనీ, మధ్యాహ్నం భోజనం వేళ కలమునూరే చాకుతో చెక్క ముక్కను చెక్కి నమూనా తయారుచేశాడనీ చెబుతారు. 1873 ఏప్రిల్ 29న అతనికి దాని మీద పేటెంటు వచ్చింది.

ఇక తాళం విప్పుదాం. మీ కుడిచేతిని చూసుకుంటూ చదవండి.

అరచెయ్యి ఉన్నచోట ఒక పెద్ద ఉక్కు తలకాయ ఉంటుంది. దాని కాడ పెట్టె అడుగు చట్రంలోకి పోయి ఉంటుంది. బొటనవేలులాగా ఒక పక్క ఒక కొమ్ము ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. అది కదలదు. రెండో పక్క, తక్కిన నాలుగు వేళ్ళూ కలిపి ఒకే ముక్కగా పోతపోసినట్టు ఒక వంకర ముక్క ఉంటుంది. నిలువుగా దింపిన ఒక చీల మీద, తలుపు బందు మీద తిరిగినట్టు అది తిరుగుతుంది. రైల్వేవాళ్ళు దీన్ని నకిల్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు వేలి కణుపు అని అర్థం. ఈ నకిల్‌కు వెనకవైపు ఒక పొట్టి తోక ఉంటుంది. అసలు కిటుకంతా ఆ తోకలోనే ఉన్నది.

రెండు పెట్టెలు దగ్గరికి వస్తున్నాయనుకోండి. తెరిచి ఉన్న నకిల్ ఎదుటి చేతికి తగిలి లోపలికి తిరుగుతుంది. అది మూసుకుంటూంటే దాని తోక తలకాయ లోపలికి పోతుంది. తలకాయలో ఒక ఇనప దిమ్మ ఉంటుంది. అంతదాకా తోక అడ్డం ఉండబట్టి ఆ దిమ్మ పైనే ఆగి ఉంటుంది. తోక దారి తొలగగానే అది దభీమని కిందికి పడి, తోక వచ్చిన దారికి అడ్డంగా కూర్చుంటుంది. ఇక తోక వెనక్కు రాలేదు. తోక రాకపోతే నకిల్ తెరుచుకోదు. తాళం పడ్డదన్నమాట!

చూశారా, ఇందులో స్ప్రింగు లేదు, మర లేదు. దిమ్మను కిందికి లాగేది దాని బరువే. భూమి ఆకర్షణ ఏనాడూ తుప్పు పట్టదు, అరిగిపోదు. నన్నడిగితే ఈ తాళంలో అన్నిటికన్నా తెలివైన భాగం అదే.

తాళం తియ్యాలంటే పెట్టెల మధ్యకు పోనక్కర్లేదు. పెట్టె పక్కకు ఒక పొడుగాటి ఇనప కడ్డీ వచ్చి ఉంటుంది. మనిషి పట్టాల పక్కన నిలబడి దాని పిడి తిప్పితే దిమ్మ పైకి లేస్తుంది. తోకకు దారి దొరుకుతుంది. ఇంజను కొంచెం ముందుకు లాగగానే వేళ్ళు తెరుచుకుని పెట్టెలు విడిపోతాయి. రెండు చేతుల్లో ఒక్కటి తెరుచుకుంటే చాలునని మీ పరీక్షలో చూశారు గదా!

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. దిమ్మ కేవలం బరువు మీదే కూర్చుంటే, బండి పట్టాల మీద ఎగిరెగిరి పడినప్పుడు అది కూడా ఎగిరి తాళం ఊడిపోదా? మంచి ప్రశ్నే. దిమ్మను ఎత్తే ముక్క మడత కీలులాగా ఉంటుంది. కుదుపుకు దిమ్మ తనంత తాను లేవబోతే, ఆ మడత ముక్క కొస తలకాయ లోపలి అంచు కింద తట్టుకుని దాన్ని ఆపేస్తుంది. మనిషి పిడి తిప్పినప్పుడు మటుకు, ముందు ఆ కొస అంచు కిందినుంచి తప్పుకుంటుంది, తరవాతనే దిమ్మ లేస్తుంది. కుదుపుకు లొంగదు, మనిషి చేతికి లొంగుతుంది!

జానీ చెయ్యి ఇంత బాగున్నా వెంటనే అందరూ వాడలేదు. అమెరికాలో రైలు కంపెనీలు అనేకం. పేటెంటు తెచ్చుకున్న కప్లింగులు వేలకొద్దీ ఉన్నాయి. పెట్టెలు కట్టించేవాళ్ళ సంఘంవారు చాలా రకాలను పరీక్షించి, 1887లో జానీ రకాన్ని ఎంచారు. అయితే పేటెంటు ఉన్న వస్తువును అందరూ తయారుచేయడం ఎట్లా? అందుచేత జానీ పక్షంవారు ఒక పని చేశారు. వేళ్ళ బయటి వంపు, అంటే ఒక చెయ్యి ఇంకొక చేతిని తాకే ఆకారం, దాని మీద మటుకు తమ హక్కు వదులుకున్నారు. అప్పటినుంచి ఎవరైనా సరే ఆ వంపుతో కప్లింగు చెయ్యవచ్చు. 1893 మార్చి 2న అమెరికా అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. పెట్టెలు తాకగానే తమంత తామే తగులుకోవాలి, విడదీయడానికి మనిషి మధ్యకు పోవలసిన అవసరం ఉండకూడదు. చట్టం చెప్పింది ఇదే. అయోవా రాష్ట్రపు రైతు లొరెంజో కాఫిన్ ఇందుకోసం ఏళ్ళతరబడి ఉత్తరాలు రాసి, సభల్లో మాట్లాడి, కనబడినవారినల్లా బతిమాలాడు. ఆయన రైల్వే ఉద్యోగి కాడు. వేళ్ళు పోయిన ఒక బ్రేక్‌మాన్‌ను కళ్ళారా చూశాడు, అంతే. కంపెనీలకు ఇచ్చిన గడువు పెంచగా పెంచగా 1900 ఆగస్టు 1 దాకా వచ్చింది.

ఆ గడువు దాటి నాలుగు రోజులే అయింది. ఆగస్టు 5న యూటా రాష్ట్రంలో ఒక బ్రేక్‌మాన్ ఇంజనును భోజనాల పెట్టెకు తగిలించబోయాడు. ఇంజనుకున్నది జానీ చెయ్యి. పెట్టెకున్నది మిల్లర్ కొక్కెం. రెండూ తమంత తామే తగులుకునేవే. కాని దాని జాతిదానితో అది, దీని జాతిదానితో ఇది! ఒకదానితో ఒకటి కలవవు. పాపం, అతను మధ్యకు పోయి చేత్తో కలపబోయాడు. చెయ్యి నలిగిపోయింది. డాక్టర్లు మణికట్టుకు పైన తీసివేయవలసివచ్చింది. కంపెనీవారు, “మా రెండు కప్లింగులూ చట్టప్రకారం ఉన్నాయి గదా!” అని వాదించారు. దేశపు పెద్ద కోర్టు 1904లో ఆ వాదం చెల్లదన్నది. ఎదుటిదానితో కలవని కప్లింగు ఉన్నా లేనట్టే.

సరే, బయటి వంపు అందరిదీ ఒకటే అయింది. కథ అయిపోయిందనుకుంటాం. కాలేదు. వంపు ఒకటే కాని, లోపలి దిమ్మలూ తోకలూ చీలలూ ఎవరి కర్మాగారంవాళ్ళు వాళ్ళ ఇష్టం వచ్చినట్టు చేసుకున్నారు. గూడ్సుపెట్టె ఒకచోట ఉండేది కాదు. ఈ కంపెనీ పెట్టె వెయ్యి మైళ్ళ అవతల ఇంకొక కంపెనీ పట్టాల మీద తిరుగుతూ ఉంటుంది. అక్కడ దాని నకిల్ విరిగిందనుకోండి. ఆ ఊరి మరమ్మతు మేస్త్రీ దగ్గర పది రకాల నకిళ్ళు ఉండి, దీనికి కావలసిన పదకొండో రకం ఉండదు. పెళ్ళివారందరి చెప్పులూ గుమ్మం ముందు ఒకేలా కనబడతాయి, కాలు పెడితేగాని తెలియదు. ఇదీ అట్లాటిదే. పెట్టె నిండా సరుకుంటుంది, ఒక్క ఇనప ముక్క కోసం అది పక్క పట్టా మీద రోజులకొద్దీ పడి ఉంటుంది.

చివరకు పెట్టెలు కట్టేవారి సంఘంవారు, రైల్వేలవారు, తయారుచేసేవారు కలిసి కూర్చుని, 1916లో ఒక కొత్త నమూనా ఖాయపరిచారు. దాని పేరు డి రకం. దీంట్లో బయటి వంపే కాదు, లోపలి దిమ్మ, తోక, చీల కూడా అన్నీ ఒకటే కొలత. ఏ కర్మాగారంలో పోతపోసినా, ఒకదాని ముక్క ఇంకొకదాంట్లో ఇమిడిపోవాలి. 1930ల నుంచి ఇంకా బాగుచేసిన ఇ రకం వచ్చింది. నేటికీ అమెరికాలో గూడ్సుబళ్ళకు అదే ప్రధానంగా ఉన్నది.

మరమ్మతు ఎట్లా చేస్తారో చూడండి. బండి ఊరికి దూరంగా, అడవి మధ్య ఆగిపోయింది. నకిల్ విరిగింది. పెట్టెలు విడిపోయినప్పుడు వాటి మధ్య ఉన్న బ్రేకు గాలి గొట్టం కూడా విడిపోతుంది. గాలి బయటికి పోగానే రెండు ముక్కలకూ బ్రేకులు వాటంతట అవే పడతాయి. అందుచేత వెనక మిగిలిన పెట్టెలు దొర్లిపోవు. బండి సిబ్బంది బండి కదలకుండా జాగ్రత్తలు తీసుకుని నడిచి వస్తారు. పిడి తిప్పి దిమ్మను ఎత్తుతారు. చీలను పైకి లాగుతారు. విరిగిన నకిల్ బయటికి వస్తుంది. కొత్తదాన్ని పెట్టి చీల దింపుతారు, నకిల్ మూసి తాళం పడిందా లేదా చూస్తారు. విప్పవలసిన మర ఒక్కటీ లేదు, కొట్టవలసిన రివెట్టు ఒక్కటీ లేదు. నకిల్ మటుకు 35 నుంచి 40 కిలోల దాకా ఉంటుంది. మీలో ఒకరిని ఎత్తుకుని, గులకరాళ్ళ మీద బండి పొడుగునా నడిచినట్టు! అది తేలిక పని అని నేను చెప్పను.

చీల అంత సులువుగా ఎట్లా వచ్చింది? ఇంత బండిని లాగిన చీల వంగి బిగుసుకుపోదా? పోదు. ఎందుకంటే బండిని లాగే బలం చీల మీద పడదు. నకిల్ తోక మీద గట్టి గుబ్బలుంటాయి. తలకాయ లోపల వాటికి ఎదురుగా మరి కొన్ని గుబ్బలుంటాయి. బలమంతా వాటి మీదుగా పోతుంది. చీల పని నకిల్‌ను తిరగనివ్వడం మటుకే. ఈ ఏర్పాటు చేసినవాళ్ళు కప్లింగు నడవడం గురించే కాదు, అది చెడిన రోజు గురించి కూడా ముందే ఆలోచించారు.

ఇంకొక ముందుచూపు ఉన్నది. ఏదో ఒకటి విరగవలసి వస్తే ఏది విరగాలి? అమెరికా నియమాల ప్రకారం ఇ రకంలో నకిల్ సుమారు 295 టన్నుల లాగుడు తట్టుకోవాలి, తలకాయ, కాడ సుమారు 408 టన్నులు తట్టుకోవాలి. అంటే కావాలనే నకిల్‌ను కొంచెం బలహీనంగా ఉంచారు. తలకాయ విరిగితే దాన్ని మార్చడానికి ఇద్దరు మనుషులు చాలరు. పెట్టెను మరమ్మతు స్థలానికి చేర్చాలి. నకిల్ విరిగితే అక్కడే మార్చుకుని పోవచ్చు. మీ ఇంట్లో కరెంటు ఎక్కువైతే ఫ్యూజు తీగ తాను కాలిపోయి ఫ్యానునూ పంపునూ కాపాడుతుంది. ఇది గూడ్సుబండికి ఫ్యూజు అనుకోండి. అయిదువేల టన్నుల బండికి 295 టన్నులు ఏమూలకు అని కంగారుపడకండి. బండి చక్రాల మీద ఉన్నది కనుక మెల్లగా లాగితే చాలా తక్కువ బలం చాలు. ముందు పెట్టెలు ఒక వేగంతో, వెనక పెట్టెలు ఇంకొక వేగంతో పోయి ఒక్కసారి కుదుపు పడ్డప్పుడో, పోతలో కంటికి కనబడని బీట పెరిగినప్పుడో నకిల్ విరుగుతుంది.

మరి దగ్గర కొత్త నకిల్ లేకపోతే? చివరి పెట్టె వెనక చూడండి. అక్కడ కూడా ఒక చెయ్యి ఉంటుంది. దాన్ని పట్టుకునేవారు లేరు. దాని నకిల్ తీసి తెచ్చి ఇక్కడ పెట్టుకుంటే సరి. కొలతలన్నీ ఒకటే గదా!

మన దేశంలో పాత నాలుగు చక్రాల గూడ్సుపెట్టెలకు రెండు పక్కలా బఫర్లూ, మధ్యన కొక్కేనికి తగిలించి మర తిప్పి బిగించే కప్లింగూ ఉండేవి. ఆ పనికి మనిషి పెట్టెల మధ్య దూరక తప్పేది కాదు. ఇప్పుడు బొగ్గూ ఇనప ఖనిజమూ మోసే పెద్ద పెట్టెలన్నిటికీ జానీ చేతి మనవలే ఉన్నాయి. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే దారిలో ఖనిజపు బళ్ళు చూసినవాళ్ళకు అవి బాగా తెలిసి ఉంటాయి. విజయవాడ దగ్గర రాయనపాడులో గూడ్సుపెట్టెలను విప్పి బాగుచేసే పెద్ద రైల్వే కర్మాగారం ఉన్నది. ఇటువంటిచోట్ల నకిల్ వంపు ఎంత అరిగిందో ఇనప కొలబద్దలు పెట్టి చూస్తారు. అరిగి వదులైన వేళ్ళు జారిపోతాయి. ఒక తమాషా ఏమిటంటే, ఈ తాళం లోపల నూనె పోయరు. నూనెకు దుమ్ము అంటుకుని ముద్ద కడితే దిమ్మ కిందికి పడదు!

ఇక జపానువాళ్ళ సంగతి. వాళ్ళ బళ్ళకు కూడా మొదట మర కప్లింగులే ఉండేవి. కొన్ని పెట్టెలకు పాతవీ కొన్నిటికి కొత్తవీ ఉంటే ఒకదానితో ఒకటి తగులుకోవు, బళ్ళు నడవవు. అందుచేత అన్నీ ఒక్కసారే మార్చాలని నిశ్చయించారు. ఏళ్ళతరబడి ముందే చట్రాలు సిద్ధం చేసి, కొత్త కప్లింగులను పెట్టెల అడుగునే వేలాడగట్టి తిప్పారు. 1925 జూలై 17న హోన్షూ దీవిలో గూడ్సుబళ్ళు ఆపి, పనివాళ్ళందరూ ఒక్కసారి దిగి, పాతవి ఊడదీసి కొత్తవి ఎక్కించారు. మూడు రోజుల తరవాత, 20న, క్యూషూ దీవిలో కూడా అట్లాగే చేశారు. పండగనాడు ఊరంతా ఒకేసారి ముగ్గులు పెట్టినట్టు!

యూరపులో అది కుదరలేదు. అక్కడ గూడ్సుపెట్టె పొద్దున ఒక దేశంలో ఉంటే రాత్రికి ఇంకొక దేశంలో ఉంటుంది. అన్ని దేశాలూ ఒకే నమూనాకు, ఒకే గడువుకు ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళు మాట్లాడుకుని, 2021లో ఒక రకం తలకాయను ఎంచుకున్నారు. కాని మార్చవలసిన పెట్టెలు లక్షల్లో ఉన్నాయి. అందుచేత జానీ చెక్క నమూనా చెక్కి నూట యాభై ఏళ్ళు దాటినా, అక్కడి యార్డుల్లో ఒక మనిషి వంగి బఫర్ల కిందినుంచి పెట్టెల మధ్యకు దూరి, బరువైన కప్లింగును చేత్తో ఎత్తి కొక్కేనికి తగిలిస్తూనే ఉన్నాడు.